నా పేరు లేని స్థలం

చీరాల నుంచి అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా మూడు ప్రశ్నలు అడుగుతుంది. పాప అన్నం తిన్నదా? ఆ స్థలం కాగితం వచ్చిందా, అందులో నీ పేరుందా? ఇంటికి ఎప్పుడొస్తావు? మొదటిదానికీ మూడోదానికీ ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తాను. రెండోదానికి మాత్రం ఏడాదిన్నర పాటు మాట దాటేశాను. ఎందుకంటే ఆ స్థలం కోసం నేను పెట్టిన మొట్టమొదటి సంతకం, దాని మీద నాకే హక్కూ లేదని ఒప్పుకుంటూ పెట్టింది.

మేం దూదేకులవాళ్లం. మా తాత ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నేను స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజినీర్ని. గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో ఆరేళ్లు చేసి, 2014లో ఇండొనేషియా వచ్చి జావా దీవిలో సోలో నగరం దగ్గర ఒక మిల్లులో చేరాను. అక్కడ క్వాలిటీ ల్యాబులో పనిచేసే అమ్మాయిని 2018లో పెళ్లి చేసుకున్నాను. ఆమె వాళ్లది పచీతాన్ జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. సోలో నుంచి వొనోగిరి మీదుగా, కొండదారి మెలికలు తిరుగుతూ పోతే నాలుగు గంటలు పడుతుంది. మాజీ అధ్యక్షుడు సుసీలో బంబాంగ్ యుధోయొనో పుట్టిన జిల్లా అది. రోడ్డు బాగుందంటే ఆయన చలవే అంటాడు మా మామ. బాగాలేని చోట మాత్రం ఎవరి పేరూ ఎత్తడు.

సముద్రం అనగానే నాకు మా వాడరేవు గుర్తొస్తుంది. చదునైన ఇసుక, సరుగుడు తోటలు, ఆదివారం జనం. ఇక్కడ అలా కాదు. సున్నపురాతి కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. రెండు కొండల మధ్య ఖాళీ దొరికిన చోట చిన్న ఇసుక తిన్నె, దాని వెనక కొబ్బరితోట, ఆ వెనక ఇళ్లు. ఈ కొండల వరసను గునుంగ్ సెవు అంటారు, అంటే వెయ్యి కొండలు. 2015లో యునెస్కో దీన్ని జియోపార్కుగా గుర్తించింది. చూడటానికి కన్నులపండుగే. కాపురం చేసేవాళ్లకే తెలుస్తుంది సున్నపురాయి సంగతి. ఎంత వాన పడ్డా రాయి పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. జూన్ దాటాక బావులు అడుగంటుతాయి. ఆగస్టు నుంచి వానలు సరిగా పడేదాకా నీళ్ల ట్యాంకరు కోసం ప్లాస్టిక్ డ్రమ్ములు వరసకట్టి ఉంటాయి. కళ్లెదురుగా అంత సముద్రం పెట్టుకుని తాగేనీటికి ట్యాంకరా అని మొదటిసారి నవ్వాను. మా అత్త నవ్వలేదు.

మా మామ కొబ్బరి గీస్తాడు. మన దగ్గర తాటిచెట్టు గీసినట్టే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి గెల కొస చెక్కి వెదురుగొట్టం కడతాడు. గొట్టంలో ముందే చిటికెడు సున్నం వేస్తాడు, పులవకుండా. దిగిన నీరాను మా అత్త పెద్ద మూకుడులో పోసి, కొబ్బరి మట్టలు మంటపెట్టి నాలుగు గంటలు కాస్తుంది. చిక్కబడ్డాక కొబ్బరి చిప్పల్లో పోస్తే బెల్లం. మొదటిసారి ఆ వాసన తగలగానే చీరాలను ఆనుకున్న మా పేరాలలో తాటిబెల్లం అమ్మే ముసలమ్మ కళ్ల ముందు కదిలింది. నాకు ఆ పల్లె మీద మనసుపడింది ఆ పొయ్యి దగ్గరే గానీ సముద్రం దగ్గర కాదు.

ఆ కొబ్బరితోటే ఇప్పుడు చెప్పబోయే స్థలం. మామ లెక్కలో 'సాతుస్ రు', అంటే వంద రులు. ఒక రు సుమారు 14 చదరపు మీటర్లు. అంటే 1,400 చదరపు మీటర్లు, మన లెక్కలో 35 సెంట్లకు కాస్త తక్కువ.

2023లో ఒకాయన బాలి నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. విదేశీయుడు. పక్కనున్న వాతుకారుంగ్‌లో అలలు బాగుంటాయని సర్ఫింగ్ వాళ్లు వస్తుంటారు. అక్కడ ధర తేలక ఇటు తిరిగాడు. లాడ్జి కడతానన్నాడు. తన పేరు మీద ఎలాగూ కొనడానికి లేదు కాబట్టి కాగితం మా ఆవిడ పేరు మీద రాయించి, లోపల మరో ఒప్పందం రాసుకుందామన్నాడు. మామ శ్రద్ధగా విని 'ఇంగ్గిహ్, ఇంగ్గిహ్' అన్నాడు. జావా భాషలో పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో మర్యాదగా 'అవునండి' అనే మాట అది. ఆయన సంబరపడి వెళ్లి, రెండు వారాలకు అడ్వాన్సు పట్టుకుని వచ్చాడు. మామ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు అర్థమైంది నాకు: ఇంగ్గిహ్ అంటే మీ మాట విన్నానని, ఒప్పుకున్నానని కాదు. మన ఊళ్లో 'చూద్దాం లెండి' లాంటిది.

డబ్బు చూసి నాకు కొంచెం ఆశ పుట్టిన మాట నిజం. కానీ అది ఎంత ప్రమాదమో తరవాత తెలిసింది. 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే 'హక్ మిలిక్', ఇండొనేషియా పౌరులకే. విదేశీయుడికి చాటుగా కట్టబెట్టే ఏర్పాటు ఏదైనా చెల్లదు, భూమి సర్కారుకు పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. హక్ మిలిక్‌లో హక్ అంటే మన హక్కే. మిలిక్ అంటే మా ఇళ్లల్లో మిల్కియత్ అంటామే, అదే. రెండు మాటలూ అరబ్బీ నుంచి ఇటూ వచ్చాయి, అటూ వెళ్లాయి. మాటలకున్న వీసా మనిషికి లేదు.

అసలు పని మొదలైంది 2024 మధ్యలో. ఊరి ఆఫీసులో ఒక మీటింగు పెట్టి చెప్పారు: 2026 ఫిబ్రవరి 2 తరవాత పాత కాగితాలు యాజమాన్యానికి రుజువుగా పనికిరావు, ఈలోపే సర్టిఫికెట్ చేయించుకోండి అని. 2021లో వచ్చిన నిబంధన అది, ఐదేళ్ల గడువు. మామ దగ్గర ఉన్నది 'పెతోక్ డి' అనే కాగితం. ఒకప్పుడు భూమి పన్ను కట్టినందుకు ఇచ్చింది. మడతల దగ్గర చిరిగి, వెనకాల అన్నం మెతుకులతో అతికించి ఉంది. దాని మీద పేరు మామది కూడా కాదు, వాళ్ల నాన్నది. ఆయన పోయి ముప్పై ఏళ్లు.

మామ తోటను మా ఆవిడకు, ఇల్లు మా బావమరిదికి ఇస్తానని ఎప్పుడో చెప్పాడు. మేం అక్కడ చిన్న ఇల్లు కట్టుకోవాలనుకున్నాం. తోటలోకి బండి పోవడానికి పక్కవాళ్ల దగ్గర 200 చదరపు మీటర్ల దారి, అంటే ఐదు సెంట్ల ముక్క, కొనాలి. ఇదంతా పట్నంలో నోటరీ ముందు పెట్టాం. ఇక్కడ నోటరీ అంటే మన కోర్టుల బయట స్టాంపు వేసే మనిషి కాదు. దస్తావేజు రాసేది, చదివి వినిపించేది, పన్ను కట్టారో లేదో చూసేది అంతా ఆవిడే. మన సబ్ రిజిస్ట్రార్ పనీ దస్తావేజు లేఖరి పనీ ఒక్క మనిషి చేసినట్టు.

ఆవిడ మొదటి ప్రశ్న: "పెళ్లికి ముందు ఆస్తుల ఒప్పందం రాసుకున్నారా?" లేదన్నాం. పెళ్లప్పుడు బిర్యానీలో మటన్ ఎన్ని కిలోలో అన్నదే మా పెద్ద చర్చ.

అప్పుడు ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తండ్రి కూతురికి ఇచ్చిన భూమి కూతురిదే, అందులో భర్తకు వాటా రాదు. దాంతో చిక్కు లేదు. కానీ పెళ్లయ్యాక కొన్నదేదైనా ఇద్దరిదీ అవుతుంది. ఇద్దరిలో ఒకరు విదేశీయులైతే ఆ ఉమ్మడి ఆస్తి హక్ మిలిక్‌గా ఉండటానికి వీల్లేదు. అంటే ఐదు సెంట్ల దారి ముక్క కొనగానే అందులో నాకు సగం వస్తుంది, నాకు రావడమే నేరమవుతుంది. నా భార్య తన సొంత దేశంలో, తన సొంత ఊళ్లో దారి కొనుక్కోలేకపోవడానికి కారణం నేను.

దీనికి మందు 2016లో దొరికిందట. ఇకే ఫరీదా అనే ఆవిడ జపాన్ దేశస్థుణ్ణి పెళ్లాడినందుకు ఫ్లాటు కొనలేకపోయి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. పెళ్లికి ముందే కాదు, పెళ్లయ్యాక కూడా ఆస్తులు వేరని ఒప్పందం రాసుకోవచ్చని కోర్టు తీర్పిచ్చింది. మాలాంటి జంటలన్నీ ఆవిడ పుణ్యాన బతుకుతున్నాయి.

2024 ఆగస్టులో సంతకాలు పెట్టాం. నోటరీ ఇండొనేషియన్ భాషలో ఒక్కొక్క వాక్యం చదువుతుంటే మా ఆవిడ నాకు పక్కనుంచి మెల్లగా చెబుతోంది, పదేళ్లుగా ఆ భాష మాట్లాడుతున్న నాకు అర్థం కాదన్నట్టు. "ఇప్పుడున్నవి, ఇకముందు రాబోయేవి, ఎవరి పేరున ఉన్నవి వాళ్లవే. రెండో పక్షానికి మొదటి పక్షం ఆస్తి మీద ఏ హక్కూ ఉండదు." రెండో పక్షం అంటే నేను. చేతిలో పెన్ను ఉంది. మా ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. నాకు బాధ కలగలేదు గానీ, ఇల్లు కట్టే డబ్బు ఎవరిదో ఈ కాగితంలో ఎక్కడా లేదే అన్న ఆలోచన మాత్రం వచ్చింది. వచ్చిందని రాయకపోతే అబద్ధమవుతుంది. సంతకం పెట్టాను. తరవాత ఆ ఒప్పందాన్ని మా పెళ్లి నమోదైన ఆఫీసులో ఎక్కించాం.

మరి నాకంటూ ఏ దారీ లేదా అని అడిగాను. ఉంది, 'హక్ పకై', వాడుకునే హక్కు. 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ ఇంకో 30. కానీ విదేశీయుడు కొనే ఇంటికి కనీస ధర సర్కారు నిర్ణయిస్తుంది. మా పల్లెలో ఊరంతా కలిపి అమ్మినా ఆ ధర వస్తుందా అని నాకు అనుమానం. ఇంకో మాట కూడా చెప్పిందావిడ, కళ్లజోడు తీసి: "మీ ఆవిడ మీకంటే ముందు పోతే భూమి మీకు వస్తుంది. ఏడాదిలోగా మీరు దాన్ని వదులుకోవాలి. పాప ఇండొనేషియా పౌరురాలిగా ఉంటే ఆమె వాటాకు ఈ గొడవ లేదు." ఆ మధ్యాహ్నం బయటికొచ్చి టోఫులో ట్యూనా చేప కూరి వేయించే 'తాహు తూనా' తిన్నాం. ఆ ఊరి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది అదే. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక పెతోక్ కథ. తాతగారి పేరు కాగితంలో ఒకలా, మరణ ధ్రువపత్రంలో మరోలా ఉంది. అక్షరదోషం అనుకున్నాను, మన పాసుపుస్తకాల్లో ఉన్నట్టు. కాదు. పాత జావా మగవాళ్లు పెళ్లయ్యాక చిన్నప్పటి పేరు వదిలేసి పెద్దరికం పేరు పెట్టుకునేవాళ్లు. ఇంటిపేర్లు లేవు, ఉన్నదే ఒక్క పేరు, అదీ మధ్యలో మారిపోయింది. ఇద్దరూ ఒకరే అని ఊరి పెద్దతో రాయించుకోవాలి. సాక్షులుగా ఆయన్ని చూసినవాళ్లు కావాలి. ఊళ్లో అలాంటివాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకాయనకు వినబడదు. రెండో ఆయన పేరు సంగతి పక్కనబెట్టి, తాతగారు తనకు బాకీ ఉన్న ఒక మేక సంగతి అరగంట చెప్పాడు. ఆ ఊళ్లో భూమి ఎవరిదో కాగితాలకు తెలియదు. మనుషులకు తెలుసు. ఆ మనుషులు అయిపోవస్తున్నారు.

తరవాత వారసుల సంతకాలు. మామకు ఒక చెల్లెలు. పెళ్లి చేసుకుని సుమత్రాలో లాంపుంగ్ వెళ్లిపోయింది. జావాలో భూమి చాలక జనం దశాబ్దాలుగా తరలివెళ్లిన చోటు అది. ఫోన్ చేస్తే ప్రేమగా మాట్లాడేది. సంతకం అడిగితే ఇంగ్గిహ్ అనేది. కాగితాలు కొరియర్లో పంపాం. నెల గడిచింది. రెండు, మూడు. కొరియర్ అందిందా అంటే ఇంగ్గిహ్. మా ఆవిడకు టెన్షన్. నాకైతే అడ్వాన్సు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బాలి పెద్దమనిషి గుర్తొచ్చాడు. "మీ అత్త ఒప్పుకోలేదు," అన్నాను. "అవునంటోందిగా!" అంది. వాళ్ల భాష నేను ఆమెకు చెప్పిన సందర్భం అదొక్కటే.

2025లో రంజాన్ పండగ మార్చి చివర వచ్చింది. పండగైన వారానికి మామ సంచి సర్దాడు. అందులో పది కిలోల కొబ్బరి బెల్లం, ఒక కొత్త చీరెలాంటి బతిక్ గుడ్డ. నేనూ వెళ్లాను. జావా పడమటి కొస దాకా బస్సు, మెరాక్ రేవులో ఫెర్రీ ఎక్కి బకౌహేనిలో దిగడం, మళ్లీ బస్సు. మామ దారంతా కిటికీ పక్కన కూర్చుని ఎవరి పొలంలో ఏం వేశారో చూస్తూనే ఉన్నాడు. చెల్లెలు గుమ్మంలో అన్నను చూసి చెయ్యి ముద్దుపెట్టుకుని, వెంటనే లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. రాత్రి భోజనాలయ్యాక చెప్పింది: తను ఊరు వదిలినప్పుడు తోటలో వాటా డబ్బు తరవాత పంపుతామన్నారు, ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు కూడా. మామ తల దించుకుని విన్నాడు. మర్నాడు బ్యాంకులో డబ్బు వేశాం. ఎంతో రాయను, నేను భయపడినదాంట్లో సగం. నిజానికి ఆవిడ ఆ రాత్రే సంతకాలు పెట్టేసింది, డబ్బు రాకముందే.

కొలతల రోజు జూలైలో. భూమి శాఖ నుంచి ఇద్దరు కుర్రాళ్లు జీపీఎస్ కర్రతో వచ్చారు. చుట్టుపక్కల స్థలాలవాళ్లు నలుగురూ ఉండాలి, హద్దులు ఒప్పుకోవాలి. అక్కడ హద్దుకు రాయి పాతరు, ఎర్రాకుల మొక్క ఒకటి నాటుతారు. పడమటి మూల ఆ మొక్క ముప్పై ఏళ్లలో పిలకలేసి రెండు మీటర్ల వెడల్పు గుబురైంది. హద్దు దానికి ఇటా, అటా? పక్కాయన, మామ చెరో పక్క గొంతుక్కూర్చుని ఆకులు తొలగిస్తూ పాత మొదలు వెతికారు. దొరికింది, ఎండి బొగ్గులా ఉంది. దాని పక్కనే సిమెంటు పిల్లర్ దిగ్గొట్టారు. తరవాత అందరికీ తివుల్ వడ్డించింది మా అత్త. ఎండబెట్టిన కర్రపెండలం పిండిని ఆవిరిపట్టి చేస్తారు. పూర్వం బియ్యం లేని రోజుల తిండి, ఇప్పుడు ముచ్చటకు తింటారు. కొంచెం పుల్లటి వాసన, మన రాగిసంకటి తిన్న నోటికి ఇబ్బంది లేదు.

కొలిచాక తెలిసిన సంగతి ఇంకోటి. పోటునీరు వచ్చే గీత నుంచి లోపలికి కనీసం 100 మీటర్లు తీరం హద్దు, అందులో కట్టడాలకు వీల్లేదు. మా తోట ముందు భాగం దాంట్లోకి వస్తుంది. సముద్రం కనిపించేలా వరండా అని మేం గీసుకున్న బొమ్మ చించేశాం. ఇల్లు వెనక పనస చెట్టు దగ్గరికి జరిగింది. మా ఆవిడ మొహం మాడ్చుకుంది గానీ, నాకు లోపల ఊరటే. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర పుట్టిన అల మా తీరం దాకా వచ్చింది. 2006 జూలైలో ఇదే జావా దక్షిణ తీరాన పంగాందరాన్‌ను సునామీ ముంచింది. పచీతాన్‌లో వీధి మలుపుల్లో ఎటు పరుగెత్తాలో చూపే బోర్డులుంటాయి. మా పాపకు అక్షరాలు రాకముందే ఆ బాణం గుర్తు వచ్చు.

అక్కడ స్థలం కొంటే లాభమా అని మిల్లులో మనవాళ్లు అడుగుతుంటారు. దక్షిణ తీరం వెంబడి కొత్త రోడ్డు వచ్చింది, సర్ఫింగ్ వాళ్లొస్తున్నారు, ధరలు పెరిగాయని చెప్పుకుంటారు. చెప్పుకోవడమే, ఆ ధరకు కొన్నవాణ్ణి నేనింకా చూడలేదు. నీళ్లు కొనుక్కోవాలి, ఉప్పుగాలికి రేకులు తుప్పుపడతాయి, పెద్ద జబ్బు చేస్తే సోలో పరుగెత్తాలి, ఊరి కుర్రాళ్లంతా జకార్తాలో. పెట్టుబడి కోసమైతే వద్దనే చెబుతాను. బెల్లం కాచే పొయ్యి పక్కన కూర్చోవడానికైతే అది వేరే లెక్క, దానికి రేటు కట్టలేను.

నవంబరులో సర్టిఫికెట్ మామ పేరున వచ్చింది. పాతకాలం ఆకుపచ్చ పుస్తకం కాదు, ఇప్పుడు ఒకే ఒక్క కాగితం, మూల క్యూఆర్ కోడు. దానాన్ని నోటరీ దగ్గర రాయించి మా ఆవిడ పేరుకు మార్చాం. దారి ముక్క కొనుగోలు కూడా అయింది. అమ్మినాయన రెండున్నర శాతం పన్ను కట్టాలి, కొన్నవాళ్లు మినహాయింపు పోను ఐదు శాతం. ఆయన పన్ను కూడా మేమే కట్టాం, మాట అలా కుదిరింది. కాగితాలన్నీ ఇప్పుడు ఎర్రటి ఖోంగ్ గువాన్ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఆ దేశంలో ఏ ఇంట్లోనైనా ఆ డబ్బాలో బిస్కెట్లు తప్ప అన్నీ ఉంటాయి.

అమ్మకు వీడియోలో చూపించాను. ఆమెకు ఆ లిపి రాదు. "ఏదిరా నీ పేరు?" అంది, కళ్లు ఫోనుకు దగ్గరగా పెట్టి.

"లేదమ్మా. కోడలి పేరే."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, "పేరాల ఇంటి కాగితాల్లో నా పేరు మాత్రం ఎక్కడుంది? నలభై రెండేళ్ల నుంచి ఉండట్లా," అంది. మళ్లీ తనే, "నీళ్ల ట్యాంకరు ఇవాళే కదా వస్తుందన్నావు? డ్రమ్ములు బయట పెట్టారా?"

పెట్టలేదు. ఫోను మామ చేతికిచ్చి పరుగెత్తాను. నేను డ్రమ్ము దొర్లించుకుంటూ రోడ్డెక్కేసరికి వెనకనుంచి వినబడుతోంది, మా అమ్మ తెలుగులో ఏదో గట్టిగా చెబుతోంది, మామ ఒక్కొక్క మాటకీ ఇంగ్గిహ్, ఇంగ్గిహ్ అంటున్నాడు.